తుపాకుల అంగట్లో కొన్న కంచె

“ఇంకో మాట చెప్పొద్దు ఓబులేసూ. నేను వచ్చిందాకా తీగ కట్టొద్దంటే కట్టొద్దు.”

“నువ్వు ఇటలీలో కూచోని ఎన్నైనా చెప్తావు అక్కా. రాత్రి మళ్ళా పడినాయి. నాలుగు సాళ్ళు నాగలి పట్టినట్టు తవ్వి పోయినాయి. నీ ఫోను పందులు ఇంటాయా?”

“తీగకు మనిషి తగిలితే?”

“నా చేలోకి మనుషులకేం పని?”

“పక్కూర్లో కట్టినోడు గూడా ఇట్లనే అన్నాడు. కట్టినోడు జైల్లో ఉండాడు, తగిలినోడు మట్టిలో ఉండాడు. మర్చిపోయినావా?”

“అయితే శనక్కాయలన్నీ పందులకు పెట్టి నేను నోట్లో మట్టి కొట్టుకుంటా. సరేనా?”

“ఆదివారం దిగుతా. అంతవరకు ఆగు. ఈ దేశంలో పందుల్ని ఎట్ల ఆపుతారో కనుక్కోని వస్తా.”

“కనుక్కో. ఆదివారం పొద్దు గూకేదాకా చూస్తా. ఆ పైన ఒక్క పూట గూడా ఆగను.”

ఫోను పెట్టేశాడు. ఓబులేసు నా తమ్ముడు. అరవై దాటినా కోపం మాత్రం ఇరవై ఏళ్ళ వాడిదే. దోర్నాల అవతల అడవి అంచున వాడికి రెండెకరాల శనక్కాయ చేను ఉంది. కాయ ఊరే వేళకు అడవి పందులు దిగుతాయి. పోయిన ఏడాది సగం చేను వాటికే పోయింది. అందుకని ఈసారి చేను చుట్టూ ఇనప తీగ లాగి, స్తంభం నుంచి నేరుగా కరెంటు కలుపుతానని పట్టుబట్టాడు. అది నేరమని వాడికీ తెలుసు, ఊరికీ తెలుసు. అయినా కట్టేవాళ్ళు కడుతూనే ఉంటారు.

ఈ గొడవంతా నేను వెరోనా అనే ఊళ్ళో హోటలు మెట్ల మీద కూర్చుని పడ్డాను. రాళ్ళు అమ్ముకోవడానికి పోయిన ముసలిది తుపాకుల అంగళ్ళు ఎందుకు తిరిగిందని మార్కాపురంలో ఇప్పటికీ అడుగుతున్నారు. అందుకే వరసగా రాస్తున్నాను. పోనివాళ్ళకు ఆ దేశం కొంత తెలుస్తుంది.

వెరోనాలో రాళ్ళు

మాది పలక రాయి పని. ఒకప్పుడు బడిపిల్లలు రాసుకునే పలకలు చేసేవాళ్ళం. ఇప్పుడు గోడకూ నేలకూ అతికించే బండలు కోస్తున్నాం. నేను చదివింది మూడో తరగతి. మా ఆయన పోయాక రెండు రంపం మిషన్లు నా చేతికొచ్చాయి. అప్పటి నుంచి వాటిని ఆగనివ్వలేదు. ఏటా ఇటలీలో రాళ్ళ వ్యాపారులంతా ఒకచోట చేరి సరుకు పరుస్తారు. కొనేవాళ్ళు ఓనరును చూడాలన్నారు కాబట్టి నేను పోవాల్సి వచ్చింది. నా కొడుకు కూతురు హరిత తోడు వచ్చింది. దానికి ఇంగ్లీషు బాగా వచ్చు, ఖర్చు పెట్టడం ఇంకా బాగా వచ్చు.

ఒక యూరో అంటే వంద రూపాయలనుకోండి, లెక్క తేలిక. కాఫీ అంగట్లో నిలబడి తాగితే ఒకటిన్నర యూరో లోపే. అదే కాఫీ కుర్చీలో కూర్చుని తాగితే మూడు. మొదటి రోజు తెలియక కూర్చున్నాం. బిల్లు చూసిన తర్వాత నేను ఆ దేశంలో కాఫీ కోసం మళ్ళీ కూర్చోలేదు. అంగుళం లోతు కప్పులో రెండు గుక్కల కషాయం, దానికి కుర్చీ కూడానా?

మా దగ్గరికి వచ్చినవాళ్ళు బండలను ఫోటోలు తీసుకుంటూ పోయేవాళ్ళు. నేను ఒక పలకను ఎత్తి, ఒక చేత్తో గాలిలో పట్టుకుని, చిన్న సుత్తితో తట్టి వినిపించడం మొదలుపెట్టాను. లోపల చీలిక లేని పలక ఖణేల్మంటుంది. చీలిక ఉంటే డొల్లగా పలుకుతుంది. మా ఊళ్ళో పలక పని నేర్చేవాళ్ళు చేతి కంటే ముందు చెవికి నేర్పుకుంటారు. రెండో రోజుకు మా దగ్గర జనం గుమిగూడారు. వచ్చిన పని బాగానే అయింది, దాని గురించి ఇంతకంటే రాయను.

నా మనసంతా ఓబులేసు మీదే ఉంది. పక్క దుకాణంలో పాలరాయి అమ్మే ఆయనకు ద్రాక్షతోట ఉందట. పందుల పేరెత్తగానే తల పట్టుకున్నాడు. ఇక్కడా అదే బాధ! బ్రెషా ఊరి పైన ఒక లోయ ఉందని, అక్కడ తరతరాలుగా తుపాకులు చేస్తారని, పందుల సంగతి అక్కడి వేటగాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని చెప్పాడు.

“అవ్వా, మనకు మిగిలింది ఒక్క రోజు. చర్చీలు చూద్దాం, చెరువు చూద్దాం. తుపాకుల కొట్లకు పోతామంటే ఎవురన్నా నవ్వుతారు,” అంది హరిత.

“నవ్వితే నవ్వనీ. నవ్వుకు టికెట్టు లేదు కదా.”

బ్రెషాలో నగల కొట్టులాంటిది

పొద్దున రైలెక్కి బ్రెషాలో దిగాం. స్టేషనుకు దగ్గరలోనే మొదటి తుపాకుల అంగడి కనబడింది. నేను నగల కొట్టనుకున్నాను. అద్దాల బీరువాలు, మెత్తటి దీపాలు, పచ్చటి మఖమలు గుడ్డ మీద పడుకోబెట్టిన తుపాకులు. ఒకదాని మీద చీటీ చూసి హరితతో చదివించాను. పద్నాలుగు వేల యూరోలు. మా పక్క మెట్ట పొలం కొనొచ్చు.

ఆ తుపాకీ ఇనుము మీద కుందేలును చెక్కారు. గడ్డిలో నక్కి, చెవులు వెనక్కి పెట్టుకుని ఉంది. కుందేలు అట్లా పెట్టుకోవడం మా ఊరి కంది చేలలో ఎన్నిసార్లు చూశానో. చెక్కినవాడు కూర్చుని చూసి ఉంటాడు, బొమ్మల పుస్తకంలో చూసి చెక్కినది కాదు. ఆ కుందేలు ముందు చాలాసేపు నిలబడ్డాను.

అంగడాయన కోటు వేసుకున్న పెద్దమనిషి. మేము తుపాకీ కొనేవాళ్ళం కాదని చూడగానే తెలిసే ఉంటుంది. నా కాళ్ళకు రబ్బరు చెప్పులు. అయినా కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు, మాట మొత్తం విన్నాడు. మన దగ్గర బట్టల షోరూములో కూడా ఇంత మర్యాద దొరకదు. పందుల్ని ఆపే కంచె సామాను తన దగ్గర లేదని, లోయ పైన పావోలా అనే ఆమె అంగట్లో అడగమని కాగితం మీద ఊరి పేరు రాసిచ్చాడు.

బస్సులో పంజాబు అబ్బాయి

అక్కడ బస్సు టికెట్టు బస్సులో ఇవ్వరు. సిగరెట్ల కొట్టులో ముందే కొనుక్కుని ఎక్కాలి. ఈ సంగతి బస్సు కదిలిన తర్వాత తెలిసింది. టికెట్టు లేకుండా దొరికితే జరిమానా చాలా పెద్దదని గోడ మీద రాసి ఉందని హరిత చదివింది. అది చదివి ఊరుకోకుండా ఏడుపు మొహం పెట్టింది.

వెనక సీటులో తలపాగా కట్టుకున్న పంజాబు అబ్బాయి ఉన్నాడు. పాల డెయిరీలో పని చేస్తాడట. జేబులోంచి రెండు టికెట్లు తీసి మిషన్లో గుద్ది ఇచ్చాడు. మార్కాపురం బజారులో ముప్పై ఏళ్ళు సాయిబుల దగ్గర సామాన్లు కొన్నదాన్ని, నాకు ఆ ఉర్దూ వచ్చు.

“ఐసా నక్కో బేటా, పైసే లేవ్,” అని, డబ్బు తీసుకోమని యూరోలు చాచాను.

అతనికి నవ్వు ఆగలేదు. ఇటలీలో ఇంతమందిని చూశాడు గానీ వద్దనడానికి ‘నక్కో’ అనే ముసలమ్మను చూడలేదట. డబ్బు తీసుకోలేదు. నా సంచిలోని పుట్నాల పొడి పొట్లం విప్పి చేతిలో పోశాను. దిగేదాకా ఒక్కో చిటికె నోట్లో వేసుకుంటూ, వాళ్ళమ్మ కూడా ఇట్లాగే పరాయివాళ్ళతో దబాయించి మాట్లాడుతుందని చెప్పాడు.

పావోలా అంగడి

లోయ ఇరుకు. కింద ఏరు, ఏటి పక్కన రోడ్డు, రోడ్డు పక్కన చిన్న చిన్న కార్ఖానాలు. ప్రతి తలుపు వెనకా ఆకురాయి చప్పుడు. మా ఊళ్ళో పలక దుమ్ము ఉన్నట్టు ఇక్కడ నూనె వాసన ఉంది. పని చేసే ఊరు ఎక్కడున్నా నాకు పరాయి ఊరనిపించదు.

పావోలాకు యాభై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా బూట్లు. ఇంగ్లీషు వచ్చు. హరిత ఆమె మాటలు నాకూ, నా మాటలు ఆమెకూ చెప్పింది. ఆ అంగట్లో తుపాకులతో పాటు వేటకు కావలసినవన్నీ ఉన్నాయి. కుక్కల మెడ గంటలు, ముళ్ళకు చిరగని ప్యాంట్లు, నారింజ రంగు కోట్లు. ఆ కోటు లేకుండా ఎవ్వరూ అడవిలో అడుగు పెట్టరట. కొన్ని తుపాకులు మా నాయన తుపాకీని గుర్తు చేశాయి. పంట కాపలాకు లైసెన్సు తీసుకున్నాడు. ముందు నుంచి మందు కూరే రకం. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్లో ఇచ్చి రావాలి. ఆయన పోయాక అది అక్కడే ఉండిపోయింది.

హరిత ఆ సంగతి చెబితే విని పావోలా గోడ మీంచి ఒక తుపాకీ తీసింది. దాన్ని మధ్యకు విరిచి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని నాకు చూపించి, రెండు చేతులతో నా ముందుకు చాచింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“భయపడుతున్నారా మీ అవ్వ?” అందట.

“భయం ఎవురికి? కింద పెట్టమను, నేనే ఎత్తుకుంటా,” అన్నాను.

హరిత నెత్తి కొట్టుకుంది. “అవ్వా, ఇక్కడ గూడానా?” అని, తర్వాత ఆమెకు విడమరిచి చెప్పింది. మా దగ్గర కత్తి, కారం, ఉప్పు చేతి నుంచి చేతికి ఇచ్చుకోరు, ఇస్తే ఇద్దరికీ తగవు వస్తుంది అని. పావోలా ఆలోచించింది. తమ పద్ధతి ఇంకొకటట. తుపాకీ ఎవరికిచ్చినా విరిచి, ఖాళీ అని కంటికి చూపించి ఇవ్వాలి. కన్న తండ్రికైనా సరే. రెండూ మంచి పద్ధతులేనని చెప్పి తుపాకీని బల్ల మీద పెట్టింది. నేను ఎత్తుకుని, దసరా రోజు రంపాలకు చేసినట్టు కళ్ళకు అద్దుకున్నాను. ఆ తర్వాత వచ్చిన కొనుగోలుదారుకు కూడా ఆమె తుపాకీని బల్ల మీదే పెట్టి ఇచ్చింది. ఆయన బిత్తరపోయి మావైపు చూశాడు.

డబ్బుల పెట్టె పైన ఒక మీసాలాయన ఫోటో ఉంది. ఫోటో కింద మేకుకు నారింజ కోటు తగిలించారు. ఎవరని అడిగాను. పావోలా పెదనాన్న కొడుకట. పొద కదిలితే పందనుకుని తోటి వేటగాడే కాల్చాడు. కాల్చినాయన మరుసటి వారం తన తుపాకీ తెచ్చి ఈ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ ముట్టుకోలేదు. కొత్తగా తుపాకీ కొనేవాళ్ళెవరైనా ముందు ఈ సంగతి వినాలి. వినే ఓపిక లేకపోతే ఆమె అమ్మదు. అమ్మకం పోయినా సరే. వ్యాపారం చేసేదాన్ని, ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు.

“మా తమ్ముడి తీగ సంగతి చెప్పవే,” అన్నాను హరితతో.

“సిగ్గుచేటు అవ్వా. మన ఊరి గురించి ఏమనుకుంటాది?”

“రోగం చెప్పకుండా మందు అడుగుతామా? చెప్పు.”

హరిత చెప్పింది. పావోలా మొహం మారిపోయింది. తర్వాత ఫోటో వైపు చూపించి, ఆయన్ను కాల్చినవాడు తప్పుగానైనా చూసి కాల్చాడు, తీగ చూడదు కదా అంది. ఆ మాట మార్కాపురం దాకా నా వెంట వచ్చింది.

లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చింది. ఆకుపచ్చ రంగు, టిఫిను డబ్బా అంత. దాన్ని బండి బ్యాటరీకి కలపాలి. ఒక ఇనప కడ్డీ నేలలో దిగేయాలి. చేను చుట్టూ కట్టెలు పాతి, సన్నటి తీగలు కలిపి నేసిన తెల్ల టేపు రెండు వరసలు కట్టాలి. డబ్బా ఆ టేపులోకి సెకనుకొక్కసారి ఒక్క కరెంటు దెబ్బ పంపుతుంది. తగిలినదాన్ని అదరగొడుతుంది, చంపదు. అంగట్లోనే కట్టి ఉంది, పట్టుకోమంది. పట్టుకున్నాను. మోచెయ్యి దాకా జివ్వుమంది. హరిత పట్టుకోలేదు.

డబ్బా, రెండు చుట్టల టేపు కలిపి రెండు వందల పది యూరోలు. గంట బేరమాడి నూట ఎనభైకి దించాను. మూడు చుట్టలు కావాలని పావోలా చెప్పింది. రెండు చాలన్నాను. అది నా పీనాసితనం, తర్వాత చెబుతాను.

మోగే గొట్టాలు

అంగడి వెనక పావోలా వాళ్ళ నాన్న పని చేస్తున్నాడు. ఎనభై దాటాయి. కళ్ళకు రెండు జతల అద్దాలు, ఒకదాని మీద ఒకటి. తుపాకీ జంట గొట్టాలను ఒక కొక్కేనికి వేలాడదీసి, కొయ్య ముక్కతో మెల్లగా తట్టి, తల పక్కకు వంచి వింటున్నాడు. గుడి గంట చివర్లో సాగినట్టు ఆ మోత చాలాసేపు సాగింది. ఇంకో జత వేలాడదీసి తట్టాడు. అది రెండు క్షణాల్లో చచ్చిపోయింది.

“అతుకు విడిసింది,” అన్నాను తెలుగులోనే.

పావోలా అడిగితే హరిత చెప్పింది. ముసలాయన అద్దాలు నుదుటి మీదికి తోసి నావైపు తిరిగాడు. రెండు గొట్టాలను కలిపే అతుకు లోపల విడిస్తే మోత రాదట. అది ఈ మనిషికి ఎట్లా తెలిసిందని ఆయన అనుమానం. నేను సంచిలోంచి నమూనా పలక తీసి, పట్టుకుని, తట్టాను. ఆయన దాన్ని తీసుకుని తానూ తట్టాడు. తర్వాత మేమిద్దరం ఆ గదిలో దొరికినవన్నీ తట్టుకుంటూ కూర్చున్నాం. ఆయనకు నా భాష రాదు, నాకు ఆయనది రాదు. మోగినదానికి ఇద్దరం తలూపాం, మోగనిదానికి ఇద్దరం పెదవి విరిచాం. ఆ పలకను ఆయనకే ఇచ్చి వచ్చాను. నేను ఊరికే ఇచ్చిన సరుకు అదొక్కటే.

బయట చెత్త తొట్టిలో కాల్చి పారేసిన తూటాల ఇత్తడి గుల్లలు కనబడ్డాయి. మంచి ఇత్తడి! గొర్రెపిల్లల మెడకు గంటలుగా పనికొస్తాయని పదకొండు ఏరుకున్నాను. ముసలాయన నవ్వాడే గానీ వద్దనలేదు.

ఎర్ర సంకటి కాదు, పచ్చ సంకటి

మధ్యాహ్నం పావోలా మమ్మల్ని కొండ మీది పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయింది. వేట దిగి వచ్చినవాళ్ళు అక్కడే తింటారు. పళ్ళెంలో పచ్చటి సంకటి పెట్టారు. మొక్కజొన్న పిండి రాగి బానలో గంటసేపు కెలికి చేస్తారు. మన సంకటి ముద్దగా ఉంటుంది, వాళ్ళది బల్ల మీద బోర్లిస్తే రొట్టెలా నిలబడుతుంది. దాని మీద పంది కూర, ఎర్ర ద్రాక్ష సారాయిలో ఉడికించింది. కారం లేదు. సంచిలోని ఎర్ర కారం చల్లుకున్నాను. పక్క బల్ల వేటగాడు అడిగి చల్లుకుని, ఏడ్చి, మళ్ళీ అడిగాడు.

బిల్లులో మనిషికి రెండు యూరోలు అదనంగా వేశారు. బల్ల దగ్గర కూర్చున్నందుకట! ఈ దేశంలో నిలబడి బతికితే చాలా మిగులుతుంది.

కానీ ఆ రెండు యూరోలకూ గిట్టుబాటయింది. టేపు ఊరికే కట్టి వదిలేస్తే పంది వెంట్రుకల వల్ల దెబ్బ తగలదని, ముందే తీపి పూయాలని కారం తిన్న వేటగాడు చెప్పాడు. పంది మొదట ముట్టేది ముక్కుతో. తడి ముక్కుకు ఒక్కసారి తగిలితే తన పిల్లలకు కూడా నేర్పుకుంటుందట. పంది తెలివిని ఆయన గౌరవంగా చెప్పాడు, శత్రువు గురించి చెప్పినట్టు లేదు. ఓబులేసు నోట పంది పేరు వస్తే ముందు బూతు వస్తుంది.

పదకొండు గుల్లలు

రైల్లో తిరిగి వస్తుంటే హరిత ఫోను చూసి, “అవ్వా, ఇదే డబ్బా మన దేశంలో సగం ధరకు దొరుకుతాది,” అంది.

“ఫోను మూసెయ్,” అన్నాను.

మరుసటి రోజు విమానాశ్రయంలో నా పెట్టె మిషన్లోంచి రాగానే గంట మోగింది. ఇద్దరు పోలీసులు వచ్చారు. పెట్టె విప్పి, చీరల మధ్య మూట కట్టిన ఇత్తడి గుల్లలు ఒక్కొక్కటీ బల్ల మీద వరసగా నిలబెట్టారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. కాల్చేసినవి కదా, వాటిలో ఏముంది? పక్కనే ఆకుపచ్చ డబ్బా, టేపు చుట్టలు కూడా ఉన్నాయి. అవన్నీ కలిపి చూసేవాళ్ళకు బాంబు సామానులా ఉంటాయని తర్వాత తెలిసింది.

హరిత ఏడుస్తోంది. నాకు కళ్ళ ముందు గడియారమే కనబడుతోంది. ఈ విమానం పోతే ఇంకొకటి సోమవారం. ఆదివారం పొద్దు గూకితే ఓబులేసు స్తంభం ఎక్కుతాడు.

“గొర్రెపిల్లల గంటలని చెప్పు. పందుల కంచె అని చెప్పు. మా తమ్ముడి మాట గూడా చెప్పు,” అన్నాను.

పెద్ద పోలీసామె అంతా విని, నా సంచిలో పావోలా ఇచ్చిన బిల్లు చూసి, ఎక్కడికో ఫోను చేసింది. ముప్పావుగంట నిలబెట్టారు. గుల్లలు తీసుకున్నారు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించబోతే సంతకమే పెట్టాను. డబ్బా తిరిగి ఇచ్చారు. తలుపు మూసే వేళకు విమానంలో పడ్డాం. గుల్లలు పోయినందుకు నేనేమీ అనుకోలేదు. తప్పు నాది. మీరెవరైనా పోతే అట్లాంటివి ఏరుకోవద్దు.

చేను గట్టు మీద

ఆదివారం మధ్యాహ్నం మార్కాపురం చేరి, పెట్టెలు ఇంట్లో పడేసి, డబ్బాతో ఓబులేసు చేనుకు పోయాను. ఇచ్చిన మాట తప్పలేదు గానీ, చుట్టూ గుంజలు పాతి ఇనప తీగ లాగేశాడు. స్తంభానికి కలపడమే మిగిలింది.

“వచ్చినావా అక్కా. తుపాకీ తెచ్చినావా?”

“ఇది తెచ్చినా.”

“ఈ టిఫిను డబ్బానా పందిని ఆపేది? దీంట్లో అన్నం పెట్టి పంపిచ్చాలా వాటికి?”

వాడి భార్య సుబ్బమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ట్రాక్టరు బ్యాటరీ తెప్పించి, కడ్డీ దిగేయించి, వాడి గుంజలకే బయటి పక్క టేపు కట్టించాను. బెల్లం పాకం కాచి అక్కడక్కడా పూశాను. రెండు చుట్టలూ మూడు పక్కలకు సరిపోయాయి. దక్షిణం పక్క మిగిలిపోయింది. పావోలా చెప్పిన మూడో చుట్ట అప్పుడు గుర్తొచ్చింది.

డబ్బా ఠిక్కు ఠిక్కుమంటోంది. ముందు నేను పట్టుకుని వదిలాను.

“నువ్వూ పట్టుకో.”

“ఎందుకు పట్టుకోను? నేనేమన్నా పందినా?” అని గట్టిగా పట్టుకున్నాడు. “ఓయమ్మో!” అని గట్టు మీద కూలబడ్డాడు.

“ఇన్నేళ్ళకు నిన్ను కూచోబెట్టేది ఒకటి వచ్చింది,” అంది సుబ్బమ్మ.

వాడు చెయ్యి విదిలించుకుంటూ లేచాడు. “జివ్వుమనింది గానీ ఏం గాలేదులే.”

“ఏం గాలేదు గదా. ఇప్పుడు నీది పట్టుకో.”

“ఏంది?”

“నీ తీగ. స్తంభానికి కలిపి, నా ముందర పట్టుకో. నాది నేను పట్టుకుంటిని. నీది నువ్వు పట్టుకో.”

సుబ్బమ్మ నవ్వు ఆగిపోయింది. ఓబులేసు తీగ వైపు చూశాడు, నావైపు చూశాడు. “ఈ పూట నీ డబ్బా చూస్తా. తెల్లారి చేను చూసి మాట్లాడతా. తీగ మాత్రం తీయను,” అన్నాడు.

తెల్లారి

కోడి కూసిన కాసేపటికే గట్టు మీద కేకలు. కొడవలి చేత పట్టుకుని రంగమ్మ వచ్చింది. పక్క చేను ఆమెది, ఓబులేసుకు వరసకు వదిన. మూడు రోజులు పొదిలిలో కూతురింట్లో ఉండి రాత్రే వచ్చిందట.

“ఎవుర్రా ఈ కరిసే తాడు కట్టింది? గేదెకు గడ్డి కోసుకుందామని చీకట్నే వంగితే మోచెయ్యి ఊడొచ్చినంత పనైంది. కొడవలి ఎగిరి పడె! ఇన్నేండ్లు ఈ గట్టు మీద నడుస్తాండా, నా మీదనే కడతావా ఓబులేసూ?”

ఓబులేసు ఆమె చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడ తగిలిందని అడిగాడు. ఎప్పుడని అడిగాడు. ఆమె చెప్పిన చోటికి పోయి నిలబడ్డాడు. అక్కడ టేపుకు జానెడు దూరంలోనే వాడి ఇనప తీగ ఉంది.

తర్వాత ముగ్గురం చేను చుట్టి వచ్చాం. మూడు పక్కలా పంది అడుగులు బెల్లం పూసిన చోటి దాకా వచ్చి తిరిగిపోయాయి. దక్షిణం పక్క మూడు సాళ్ళు తవ్వేశాయి.

ఓబులేసు దక్షిణం మూలన గుంజ నుంచి తీగ ఊడదీసి, మోచేతికి చుట్టుకుంటూ పోయాడు. నాలుగు పక్కలూ చుట్టేసరికి పొద్దు బారెడెక్కింది. రంగమ్మ అప్పటికీ తిడుతూనే ఉంది.